నాగావళిలో పరిగెలు తప్ప ఏమీ పడటం లేదన్న తమ్ముడికి

రాయగడకు బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదని, మూడు నెలలుగా ప్రతి ఆదివారం గాలం పట్టుకుని తిరుగుతున్నానని రాశారు. నాగావళి ఒడ్డున రెండు మూడు చోట్ల, చెకగుడ వేలాడే వంతెన వైపు ఒకసారి, బండి మీద గుణుపూర్ దాకా వచ్చి వంశధారలో ఒకసారి, దారిలో కనిపించిన చెరువుల్లో కొన్నిసార్లు. పడినవన్నీ వేలెడంత పరిగెలే. నాలుగు వేలు పెట్టి కొన్న రాడ్ మార్చాలా, ఎర మార్చాలా అని అడిగారు.

రాడ్ మార్చకండి తమ్ముడూ. ఎర సంగతి తర్వాత చూద్దాం. ముందు మానాల్సింది ఈ తిరుగుడు. నేను గుణుపూర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. ముప్పై ఐదేళ్ళుగా గాలం వేస్తున్నాను. అందులో ఇరవై ఏళ్ళు వంశధారలో ఒకే మడుగు దగ్గర కూర్చున్నాను. అంతకుముందు పదిహేనేళ్ళూ మీలాగే తిరిగాను. ఈ రోజు ఇక్కడ పడలేదు కాబట్టి వచ్చే వారం అక్కడ చూద్దాం అనుకునేవాణ్ణి. అలా ఎన్ని చోట్లకు వెళ్ళినా ప్రతి చోటా కొత్తవాణ్ణే. ఒక మడుగును పట్టుకున్నాకే అందులో మునిగిన చెట్టు మోడు ఎక్కడుందో, వరద తగ్గాక ఇసుక ఏ పక్కకు చేరుతుందో, పొద్దున ఏడింటికి నీడ ఎంత దూరం పడుతుందో తెలిసింది. చేపలు పడటం అప్పుడు మొదలైంది.

మా నాన్న వెదురు కర్రతోనే పట్టేవారు. నౌపడా నుంచి గుణుపూర్‌కు చిన్న రైలు ఉండేది, 2004లో ఆపి పెద్ద లైను వేశారు. ఆ చిన్న రైల్లో కిటికీ పక్కన కర్ర నిలబెట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని, పర్లాకిమిడిలో దిగి మహేంద్రతనయ ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. ఆ కర్రకు రీల్ లేదు. నీటి మీద తేలే జీలుగు బెండు, నైలాన్ దారం, సీసం ముక్క, గాలం, అంతే. దాంతోనే మూడు కిలోల శీలావతిని ఒడ్డుకు లాగడం నా కళ్ళతో చూశాను. అందుకే మీ నాలుగు వేల రాడ్ గురించి నాకు బెంగ లేదు.

ఇక అసలు విషయం. ఈసారి బజారులో చేపలు కొన్నప్పుడు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడింటినీ పక్కపక్కన పెట్టించి నోళ్ళు చూడండి. మన వైపు వాటిని భాకుర, రోహి, మిరికాలి అని ఒడియాలో అడిగితేనే చాలామంది అమ్మేవాళ్ళకు తెలుస్తుంది, ఆ పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి. బొచ్చెకు తల పెద్దది, కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, మూతి దగ్గర మీసాలు ఉండవు. పై నీళ్ళలో తేలే సన్నటి నలుసుల్ని నీళ్ళతో సహా తాగి మొప్పల్లో వడపోసుకుని బతికే చేప అది. శీలావతి నోరు కాస్త కిందికి ఉంటుంది, పెదవుల అంచున సన్నటి కుచ్చుల్లాంటివి కనిపిస్తాయి. అది నడిమి నీళ్ళలో తిరుగుతూ, కొమ్మలకూ రాళ్ళకూ పట్టిన పాచి గీక్కుంటుంది. ఎర్రమోసు పూర్తిగా అడుగు చేప. బురదలో కుళ్ళిన ఆకులు, అలములు ఏరుకుని తింటుంది. బంగారుతీగ కూడా అడుగునే ఉంటుంది. మూతితో బురద కెలుకుతుంది కాబట్టి అది మేస్తున్న చోట నీటి మీదికి సన్నటి బుడగలు గుంపుగా వస్తాయి, చెరువులో చూస్తూ కూర్చుంటే ఎటు నడుస్తోందో కూడా తెలిసిపోతుంది.

చేప నోరు ఎటు తిరిగి ఉందో అది ఏ లోతులో తింటుందో చెప్పేస్తుంది. మీ రాతలో రాడ్ కంపెనీ పేరుంది, రీల్ వివరాలున్నాయి, దారం మందం ఉంది, ఎరను ఎంత లోతులో వేలాడదీశారో మాత్రం లేదు. పరిగెలే పడుతున్నాయంటే ఎర పై రెండు మూడు అడుగుల్లో ఉందని అర్థం. పరిగెల గుంపులు తిరిగేది ఆ నీళ్ళలోనే. కింద ఎర్రమోసు మేస్తుంటే దానికి మీ ఎర ఎలా కనిపిస్తుంది? ఎర దాని దాకా దిగేలోపే పరిగెలు పొడిచి పొడిచి ఖాళీ చేస్తాయి.

కాబట్టి లోతు కొలవడం నేర్చుకోండి. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు. బెండును ముంచేంత బరువైన సీసం గుండు ఒకటి దారం కొసకు కట్టండి. బెండును దారం మీద నాలుగడుగుల దగ్గర పెట్టి విసరండి. బెండు పూర్తిగా మునిగిపోయిందంటే అక్కడ నాలుగడుగుల కంటే ఎక్కువ లోతు ఉంది. బెండును ఇంకో అడుగు పైకి జరిపి మళ్ళీ వేయండి. గుండు అడుగున కూర్చుని, బెండు కొన మాత్రం నీటి మీద నిటారుగా కనిపించే దాకా జరుపుతూ పోండి. అప్పుడు గుండుకూ బెండుకూ మధ్య ఉన్న దారమే అక్కడి లోతు. ఒకే చోట కాదు, ఎడమకు రెండు గజాలు, కుడికి రెండు గజాలు, దగ్గరగా, దూరంగా అన్నీ కొలవండి. ఇరవై ముప్పై సార్లు విసిరితే అడుగు ఎలా ఉందో మీ మనసులో బొమ్మ కట్టేస్తుంది. గుండును మెల్లగా లాక్కుంటే అడుగు రకం కూడా చేతికి తెలుస్తుంది. ఇసుక మీద జారుతూ వస్తుంది, రాళ్ళ మీద టకటకమంటుంది, బురదలో కూరుకుని బరువుగా లేస్తుంది. నా మడుగులో ఒడ్డు నుంచి ఆరు గజాల దాకా నాలుగు అడుగులే, అక్కడ ఒక్కసారిగా తొమ్మిదికి దిగుతుంది. ఆ మెట్టు అంచునే చేపలు నడుస్తాయి. నేను ఆ మెట్టును మూడో ఏట గాని కనిపెట్టలేదు, అప్పటిదాకా దానిమీదుగా దూరంగా విసురుతూనే ఉన్నాను.

ఏ చోటు ఎంచుకోవాలి అంటే, మీకు ఇంటి నుంచి అరగంటలో చేరగలిగేది. మొదటి షరతు అదే, లేకపోతే వారం వారం వెళ్ళలేరు. ఏట్లో అయితే వంపు బయటి పక్కన నీరు ఒడ్డును కోసి లోతు చేస్తుంది, లోపలి పక్కన ఇసుక మేట వేస్తుంది. కూర్చోవడానికి సుఖంగా ఉంటుందని అందరూ ఇసుక పక్కనే కూర్చుంటారు, చేప మాత్రం అవతలి లోతులో ఉంటుంది. చిన్న గెడ్డ వచ్చి ఏట్లో కలిసే చోటు మంచిది, అక్కడ కొత్త నీరు, కొత్త మేత వస్తాయి. వేగంగా పారే నీటికీ నిలకడ నీటికీ మధ్య ఒక గీతలా కనిపిస్తుంది చూడండి, ఆకులు, నురగ ఆ గీత వెంట పోతుంటాయి. చేప నిలకడ నీటిలో ఉండి ఆ గీతలోంచి వచ్చేదాన్ని అందుకుంటుంది. జలాపుట్ లాంటి పెద్ద జలాశయాల గురించి కూడా అడిగారు. అక్కడ నీటిమట్టం మారుతూ ఉంటుంది, ఒడ్డు నిలువుగా ఉంటుంది, కొత్తలో వద్దు.

ఎర గురించి. నేను ఏళ్ళ తరబడి వాడుతున్నది చోడిపిండి, అంటే రాగిపిండి. కమ్మటి వాసన, పైసా ఖర్చు లేదు, ఈ ఏటి ఒడ్డున ప్రతి ఇంట్లో ఉంటుంది. చల్లే మేత వేరు, గాలానికి పెట్టే ఎర వేరు, ఈ రెంటినీ కలపకండి. మేతకు రెండు గుప్పిళ్ళ తవుడు మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, అందులో గుప్పెడు తెలగపిండి, గుప్పెడు చోడిపిండి కలిపి, అదే ఏటి నీళ్ళతో తడిపి నిమ్మకాయంత ఉండలు చేయండి. నీళ్ళలో పడ్డ రెండు మూడు నిమిషాలకు విడిపోయేలా ఉండాలి. పారే నీటిలో అయితే ఒడ్డు మట్టి కొంచెం కలిపితే బరువుగా అడుగుకు దిగుతుంది. ఐదారు ఉండలు చాలు. చెరువులో ఎక్కువ మేత వేస్తే తినగా మిగిలింది కుళ్ళి నీటిలో గాలిని తినేస్తుంది, చేపకే నష్టం.

గాలానికి పెట్టే ముద్దకు చోడిపిండిని గట్టి సంకటిలా ఉడికించి, చల్లారాక పిడికెడు మైదా చేర్చి, చెవి తమ్మెలా మెత్తగా అయ్యేదాకా పిసకండి. ఇంట్లో ఒక గ్లాసు నీళ్ళలో చిన్న ఉండ వేసి చూడండి. పావుగంట నిలిచి, ఆ తర్వాత అంచులు మెల్లగా కరగాలి. వెంటనే చెదిరితే మైదా తక్కువ, అరగంటైనా రాయిలా ఉంటే ఎక్కువ. పరిగెల బెడద తగ్గాలంటే ముద్ద పెద్దది చేయండి, ఉసిరికాయలో సగమంత. గాలం కూడా పెద్దది వాడండి. నంబరు పెరిగితే గాలం చిన్నది అవుతుందని చాలామందికి తెలియదు. మీరు వాడుతున్న 14 నంబరు పరిగెలకే సరిపోతుంది. 6 లేదా 8 తీసుకోండి. వానపాముల్ని నేను వద్దనను గాని, వాటి వాసనకు జెల్లలు, పరిగెలు ముందు వస్తాయి, మీ బాధ మళ్ళీ మొదటికొస్తుంది.

మీకు కుదిరితే వారంలో రెండు రోజులు ఆఫీసుకు వెళ్ళే ముందు అదే చోట, అదే వేళకు నాలుగు ఉండలు వేసి రండి. గాలం వేయక్కర్లేదు. మూడు వారాలు అలా చేస్తే చేపలు ఆ వేళకు అక్కడికి రావడం అలవాటు చేసుకుంటాయి. నేను చెప్పే మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

బెండు ఎలా కదిలితే లాగాలో కూడా అడిగారు కదా. నిరుడు కార్తీకం దాటాక ఒక పొద్దున సంగతి చెబుతాను. నీటి మీద ఇంకా పొగలా మంచు ఉంది. అడుగుకు ఆనేలా ఎర వేసి ముప్పావుగంట కూర్చున్నాను. బెండు కొన ఎర్ర రంగు వేసింది, వేలి గోరంత బయట ఉంది. ముందు దాని చుట్టూ ఒక వలయం లేచింది, గాలి లేదు. తర్వాత బెండు మునగడానికి బదులు పైకి లేవడం మొదలుపెట్టింది. గోరంత ఉన్నది వేలంత అయింది, అక్కడి నుంచి పక్కకు వాలి నీటి మీద పడుకుంది. చూసేవాళ్ళకు దారం తెగిందేమో అనిపిస్తుంది. అడుగున ఎర్రమోసు ముద్దను నోట్లోకి పీల్చుకుని తల ఎత్తింది, దాంతో సీసం బరువు కూడా లేచింది, బరువు పోయిన బెండు తేలింది. లాగాల్సింది ఆ క్షణంలోనే. మునుగుతుందేమో అని చూస్తూ కూర్చుంటే ముద్ద ఉమ్మేసి వెళ్ళిపోతుంది. మణికట్టు మాత్రం తిప్పి లాగాను, అవతల మొదట కదలిక లేదు, మోడుకు తగిలిందేమో అనుకునేలోపు తల విదిలించడం చేతికి తెలిసింది. రెండు కిలోలకు కొంచెం తక్కువ తూగింది.

శీలావతి అయితే బెండు సన్నగా వణికి, తర్వాత ఎవరో నడిపించినట్టు పక్కకు జారుతూ మునుగుతుంది. బొచ్చె రెండు మూడుసార్లు చిన్నగా ముంచి వదులుతుంది, చివరికి గట్టిగా తీసుకుంటుంది. టిక్కు టిక్కుమని ఆగకుండా కొట్టేవి పరిగెలు, వాటికి లాగొద్దు. చేప తగిలాక దాన్ని వెంటనే ఒడ్డుకు ఈడ్చేయాలని చూడకండి. రీల్‌కు డ్రాగ్, అంటే దారం బిగువు సర్దే మర, కొంచెం వదులుగా పెట్టుకుంటే అది పరుగెత్తినప్పుడు దారం తెగకుండా జారుతుంది. అలసి పక్కకు తిరిగాక చేతి వలను నీటిలో ముంచి ఉంచి, తల వైపు నుంచి దాన్ని వలలోకి తీసుకోండి. చిన్నవి వదిలేయాలనుకుంటే చేతులు తడుపుకుని పట్టుకోండి. పొడి చేతులకు చేప ఒంటి మీద జిగురు ఊడివస్తుంది, ఆ జిగురు పోయిన చోట జబ్బు పడుతుంది.

కాలం విషయానికొస్తే మీకు ఒక ఊరట. మీరు తిరిగిన మూడు నెలలూ ఏరు ఎర్రగా పారిన నెలలు. ఎవరు వేసినా పెద్దగా పడవు. ఇప్పుడు స్వాతి అయిపోవస్తోంది, నీరు తేరుకుంటోంది, విశాఖ కార్తె నుంచి నెలన్నర మన ఏళ్ళకు మంచి రోజులు. డిసెంబరు చివర, జనవరి చలిలో చేప తిండి తగ్గిస్తుంది, అప్పుడు తెల్లవారుజామున వెళ్ళి వణకడం దండగ. నీరు కాస్త వేడెక్కాక, పదకొండు నుంచి మూడింటి మధ్య వేయండి. ఎండాకాలం దానికి తలకిందులు, పొద్దున, సాయంత్రం మాత్రమే.

అందులోనూ చెరువుకూ ఏటికీ తేడా ఉంది. ఎండాకాలం తెల్లవారుతుండగా చెరువుకు వెళితే చేపలు గుంపుగా పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేయడం చూస్తారు. ఎర పక్కనే ఉన్నా ముట్టవు. పగలు ఎండకు నాచు నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి అదే నాచు, చేపలు, బురద అన్నీ దాన్ని వాడుకుంటాయి, సూర్యుడు రావడానికి ముందు అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వేడి నీటిలో మరీ తక్కువ నిలుస్తుంది. ఊపిరాడని చేప తిండి తినదు కదా. అలాంటి రోజు ఎనిమిది దాటాక వేయండి, లేదా నీరు రాళ్ళ మీద పడి గాలి కలిసే ఏటికి వెళ్ళండి.

మృగశిర మొదలు ఆశ్లేష దాటేదాకా నేను గాలం ముట్టను. తొలి వరదకు ఏట్లో చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి, బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గుడ్లు పెట్టేది ఆ వానాకాలం వరదల్లోనే. కడుపు ఉబ్బిన చేపను లాగితే మూడేళ్ళ తర్వాత పట్టాల్సిన చేపల్ని ఈ రోజే తీసేసినట్టు. మృగశిరకు చేప తినాలన్న పట్టింపు ఇంట్లో ఉంటే బజారులో కొనుక్కోండి.

కొరమీను గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. ఆ చేప మొప్పలతో పాటు నేరుగా గాలి కూడా పీల్చుకుంటుంది, అందుకే మధ్య మధ్య పైకి వచ్చి గుటక వేసి వెళుతుంది. వానాకాలం చెరువు అంచున గడ్డిలో ఒక చోట నీరు ఉడుకుతున్న అన్నంలా చిన్న చిన్నగా కుతకుతలాడుతూ కనిపిస్తే ఒంగి చూడండి. నారింజ ఎరుపు రంగు పిల్లలు వందల కొద్దీ ముద్దగా చేరి గాలి కోసం పైకి వచ్చి పోతుంటాయి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. ఆ ముద్ద మధ్యలోకి కప్ప బొమ్మ విసిరితే పిల్లల మీదికి ఎవరో వచ్చారని పెద్ద చేప వచ్చి కొట్టేస్తుంది. చాలా వీడియోల్లో దీన్ని గొప్ప పట్టుగా చూపిస్తారు. ఆ పెద్దది పోయాక చుట్టూ ఉన్న చేపలు పిల్లల్ని తినేస్తాయి. నేను ఇరవై రెండేళ్ళ వయసులో ఒకసారి అలా పట్టి, ఒడ్డునే నిలబడి ఆ ఎర్ర ముద్ద కళ్ళముందు కరిగిపోవడం చూశాను. ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు. మీరు కూడా చేయొద్దని బతిమాలుతున్నాను.

నాగావళి అయినా వంశధార అయినా కొండల నుంచి దిగే ఏళ్ళు. మీ నెత్తిన ఎండ కాస్తుండగానే పైన కొండల్లో కురిసిన వాన నీరు మీ మడుగుకు వస్తుంది. 2017 జులై 16న కళ్యాణసింగపూర్ వైపు వచ్చిన వరదకు తేరుబలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మహేంద్రతనయ, వంశధార రెండూ పొంగి గజపతి జిల్లాను, కింద శ్రీకాకుళాన్ని ముంచాయి. అందుకని కూర్చోగానే మొదటి పనిగా నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పుల్ల మొదలు నీటిలోకి వెళ్ళిందంటే ఏరు పెరుగుతోంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మసకేసినా, ఎండుటాకులు, పుల్లలు, నురగ గుంపుగా రావడం మొదలైనా, సామాన్లు ఏరుకుంటూ కూర్చోకుండా లేచి గట్టెక్కండి. ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద ఎప్పుడూ కూర్చోవద్దు, మీకూ గట్టుకూ మధ్య పాయ ముందు నిండుతుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టేయండి. మీది కార్బన్ రాడ్, అందులోంచి కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద కూడా దాన్ని ఎత్తి విసరకూడదు.

మార్పు, ఇంగిలాయి అనే మీసాల చేపల్ని గాలం నుంచి తీసేటప్పుడు గుడ్డతో తల వెనక నొక్కి పట్టుకోండి. రెక్కల్లో ముల్లు ఉంటుంది. ఇంగిలాయి ముల్లుకు విషం కూడా ఉంది. మా అబ్బాయికి పదేళ్ళప్పుడు బొటనవేలికి దిగింది, మోచేతి దాకా మంట పాకి పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఒడ్డున టీ కాచుకోవడానికి తెచ్చిన గిన్నెలో నీళ్ళు వేడిచేసి, నా చేయి పెట్టి చూసి, ఓర్చుకోగలిగినంత వేడిలో అరగంట పైన వాడి చేయి ముంచి ఉంచాను. వేడికి ఆ విషం పనిచేయడం తగ్గుతుంది, నొప్పి నెమ్మదించింది. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళి టీటీ ఇంజెక్షన్ చేయించాను. ముల్లు ముక్క లోపల విరిగి ఉండిపోతే డాక్టరే తీయాలి.

చెరువుల్లో అడక్కుండా వేశానని రాశారు. అది మానండి. బొచ్చె, శీలావతి నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. చెరువులో అవి ఉన్నాయంటే పంచాయతీ పాటలో చెరువు తీసుకున్నవాళ్ళో, ఊరి సంఘమో పిల్లల్ని కొని తెచ్చి వదిలినట్టు. అడిగితే ఒక్క గాలానికి ఎవరూ కాదనరు, కొందరు పది ఇరవై రూపాయలు అడుగుతారు, ఇచ్చేయండి. నీళ్ళలో మందు కలిపేవాళ్ళు, తూటా పేల్చేవాళ్ళు కనిపిస్తే మాత్రం ఊరుకోకండి. 1897 నాటి చేపల చట్టంలోనే ఆ రెండూ నేరాలు. నా మడుగుకు పైన ఒకసారి ఎవరో మందు కలిపారు. రెండు మైళ్ళ దూరం బొమ్మిడాయిలు, ఇసుక దొందులు, వేలెడంత పరిగెలు తెల్లటి పొట్టలు పైకి తిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాళ్ళు ఏరుకున్నది ఒక గోనెసంచి. ఆ మడుగు మళ్ళీ కోలుకునే దాకా రెండేళ్ళు నేను మేత మాత్రం వేసి వచ్చాను.

ఇప్పుడు చేయాల్సిన పని. పంచుక వస్తోంది కదా. కార్తీక పున్నమితో ముగిసే ఆ ఐదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని ఒడియా ఇళ్ళలో అంటారు. మీ ఇరుగుపొరుగు ఆ నియమం పట్టి ఉండగా మీరు చేపల బుట్టతో ఇంటికి రావడం బాగుండదు, నేను కూడా ఆ ఐదు రోజులు గాలం వేయను. మీకు అదే మంచి అదను. గాలం ముల్లు ఇంట్లో పెట్టి, రాడ్, దారం, బెండు, సీసం గుండు మాత్రం పట్టుకెళ్ళండి. ఇంటికి దగ్గరలో ఒక మడుగు ఎంచుకుని, ఒక నోటు పుస్తకంలో అడ్డంగా ఒడ్డు గీసి, ఎన్ని గజాల దగ్గర ఎన్ని అడుగులో, అడుగు ఇసుకో రాయో బురదో రాసుకోండి. వచ్చేటప్పుడు రోజూ నాలుగు ఉండలు వేసి రండి. పున్నమి మర్నాడు ఛాడఖాయి, ఆ నియమం విడిచే రోజు, బజారంతా చేపల కోసం కిటకిటలాడుతుంది, ఆ రోజు ఏటి ఒడ్డున కూడా జనం ఉంటారు. ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఏడింటికల్లా వెళ్ళి, మెట్టు దిగే అంచున, అడుగుకు ఆనేలా ఎర వేయండి. ఆ నోటు పుస్తకం పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ వేయాలో చూసి చెబుతాను.